పాత బెల్టు పారేసే ముందు: బండి ప్రశ్నలు, జవాబులు

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలైతే చాలు, చెన్నై నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నీ గేర్లు లేని స్కూటర్ల మీదే. ఈసారి వాటి మధ్య మంచు మీద నడిచే స్నోమొబైల్ గురించి కూడా రెండు వచ్చాయి. విడిగా దాచకుండా కలిపే ఇస్తున్నాం. రెండు బండ్లలోనూ ఇంజను బలాన్ని వెనక్కి చేర్చేది ఒక రబ్బరు బెల్టే. అది చెడే తీరూ దాదాపు ఒకటే.

ప్రశ్న: మొన్నటి వానకి మా అపార్ట్‌మెంట్ కింద నిలిపిన స్కూటరు సీటు దాకా మునిగింది. మూడేళ్ల బీఎస్6 (కొత్త కాలుష్య నియమాల ప్రకారం చేసిన) బండి, 110 సీసీ. నీళ్లు తీసి రెండు రోజులైంది. ఇంకా స్టార్ట్ చేయలేదు. కిక్ కొట్టి చూడండి, ఎండకి ఆరిపోయుంటుంది అంటున్నారు పక్కింటాయన. కొట్టమంటారా? – పాఠకుడు, వేళచ్చేరి

జవాబు: వద్దండీ. తాళం కూడా తిప్పకండి. పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీటిని నొక్కలేదు. సిలిండర్లో గుక్కెడు నీళ్లున్నా సెల్ఫ్ కొట్టగానే పిస్టన్ దానికి గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. శుభ్రం చేసి ఆయిలు మార్చితే పోయే పని, ఇంజను విప్పేదాకా వస్తుంది.

ముందు బురద గీత కనిపించేలా బండిని నాలుగు వైపులా ఫోటో తీసి బీమా కంపెనీకి చెప్పండి. సొంత నష్టానికి కూడా కట్టిన పాలసీ అయితే వరద నష్టం అందులోకి వస్తుంది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు. మునిగిన ఇంజనును స్టార్ట్ చేయబోయి చెడగొడితే ఆ భాగానికి డబ్బు ఇచ్చేది లేదని కంపెనీలు పేచీ పెడతాయి. పక్కింటాయన సలహా వినకపోవడానికి ఇదీ ఒక కారణమే.

బీమా సర్వేయరు చూశాక, లేదా బీమా ఊసు లేకపోతే నేరుగా, పని మొదలుపెట్టొచ్చు. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీసి, తర్వాత పాజిటివ్ తీయండి. మెయిన్ స్టాండ్ వేసి ఎయిర్ ఫిల్టరు డబ్బా తెరవండి. ఇప్పటి స్కూటర్లలో ఎక్కువగా ఆయిలు పూసిన కాగితం ఫిల్టర్లే వస్తున్నాయి. వాటిని కడిగి ఆరబెట్టడం కుదరదు, కొత్తది వేయాల్సిందే. డబ్బా అడుగున మూత పెట్టిన చిన్న గొట్టం ఉంటుంది. దాని మూత లాగితే లోపలి నీళ్లు దిగిపోతాయి.

తర్వాత స్పార్క్ ప్లగ్గు విప్పండి. ప్లగ్గు బయట ఉండగా, తాళం ఆఫ్‌లోనే ఉంచి, పది పదిహేను కిక్కులు నెమ్మదిగా కొట్టండి. నీళ్లుంటే ఆ రంధ్రంలోంచి చిమ్ముతాయి, మొహం దూరంగా పెట్టుకోండి. ఆపైన ఒక చెంచాడు ఇంజన్ ఆయిలు ఆ రంధ్రంలో పోసి మళ్లీ రెండుసార్లు తిప్పితే సిలిండరు గోడలకు తుప్పు పట్టదు. కిక్కర్ లేని బండి అయితే ఈ పని షెడ్డుకే వదిలేయండి.

ఇప్పుడు ఆయిలు. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూస్తే పాలు కలిసిన టీ రంగులో ఉందంటే నీళ్లు చేరినట్టే. రంగు మామూలుగా ఉన్నా సీటు దాకా మునిగిన బండికి ఆయిలు మార్చడమే మేలు. ఒక్కసారి మార్చితే సరిపోదు. ఈ తరగతి స్కూటర్లకు 650 నుంచి 700 మి.లీ. పడుతుంది. ముందు చవక ఆయిలు అంతే కొలత పోసి, మిగతా పనులన్నీ అయ్యాక రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో తిప్పి, వేడిగా ఉండగానే వంచేసి, అప్పుడు కంపెనీ చెప్పిన గ్రేడు పోయండి. డ్రెయిన్ బోల్టు కింది వాషరు ప్రతిసారీ కొత్తది వేయాలి. వెనక చక్రం దగ్గర గేర్ ఆయిలు విడిగా ఉంటుందన్న సంగతి చాలామంది మర్చిపోతారు. అది 100–120 మి.లీ. మాత్రమే, అయినా అందులోకి నీళ్లు పోతే ఆరు నెలల తర్వాత బేరింగు మోత మొదలవుతుంది. అప్పటికి వరద సంగతి ఎవరికీ గుర్తుండదు.

పెట్రోలు ట్యాంకులో నీరు అడుగుకు చేరుతుంది. బీఎస్6 బండ్లలో పెట్రోలు పంపు ట్యాంకులోపలే ఉంటుంది కాబట్టి మొదట పీల్చేది ఆ నీటినే. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించండి. ఈ20 పెట్రోలుతో ఇంకో చిక్కు ఉంది. అందులోని ఇథనాల్ నీటిని తనలోకి లాక్కుంటుంది, నీరు మితిమీరితే పెట్రోలు నుంచి విడిపోయి అడుగున పొరలా నిలబడుతుంది. పైన చూస్తే బాగానే కనిపిస్తుంది. అందుకే నాలుగు చుక్కలు తీసి చూసి సరిపెట్టుకోవద్దు.

ఎడమ వైపు పెద్ద మూత కింద ఉండేదే బెల్టు గది. మూత విప్పి బురద కడిగించాలి. బెల్టుకు సబ్బునీళ్లు చాలు, నీడలో ఆరాలి. పెట్రోలు, డీజిలు, తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే లాంటివి తగలనీయకండి. ఎన్నూరు, మణలి వైపు పాఠకులకు ఒక మాట: 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానప్పుడు అక్కడి వరద నీళ్లలో చమురు కలిసింది. అలాంటి నీళ్లలో నానిన బెల్టు ఎంత కడిగినా జారుతూనే ఉంటుంది, మార్చడమే దారి.

కరెంటు భాగాలకు ఫ్యాన్ గాలి చాలు. హెయిర్ డ్రయ్యరు వేడి మీద పెట్టి కంట్రోల్ యూనిట్ కనెక్టర్లను కాల్చకండి. ప్రతి కనెక్టరూ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక బిగించాలి. బ్యాటరీ చివర్న కలపండి. తాళం తిప్పగానే ఇంజన్ బొమ్మ దీపం వెలిగి, ఇంజను స్టార్ట్ అయ్యాక ఆరితే సరే. ఆరకపోతే ఎర్రర్ కోడు చదివించాలి.

ప్రశ్న: సబ్‌వేలో మోకాలి లోతు నీళ్లు దాటాను. బయటికొచ్చాక యాక్సిలరేటర్ తిప్పితే ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. ఇరవై నిమిషాలకి తనంతట తానే సర్దుకుంది. లోపల ఏమైనా పోయిందా? – పాఠకురాలు, పెరంబూరు

జవాబు: బెల్టు తడిసి జారింది, అంతే. బెల్టు గదికి చల్లదనం కోసం గాలి పోయే దారి ఒకటి ఉంటుంది, నీళ్లు వెళ్లింది అందులోంచే. అలాంటప్పుడు ఇంకా ఇంకా రేజ్ చేస్తే తడి బెల్టు పుల్లీ మీద రుద్దుకుని నిమిషంలో కాలుతుంది. బండి ఆపి, మెయిన్ స్టాండ్ వేసి, ఐడిల్‌లో కాసేపు వదిలితే ఇంజను వేడికే ఆరుతుంది. మళ్లీ బయల్దేరాక వెనక డ్రమ్ బ్రేకును నాలుగైదుసార్లు మెల్లగా పట్టి వదలండి, అదీ తడిసే ఉంటుంది.

ఒకసారి జరిగితే పట్టించుకోవక్కర్లేదు. చిన్న వానకే జారుతోందంటే మాత్రం మూత గ్యాస్కెట్టు చిరిగిందో, గాలి గొట్టం ఊడిందో చూపించండి.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదిలేటప్పుడు బండి గడగడ వణుకుతోంది. 20 దాటాక మామూలే. మెకానిక్ ఇంజన్ మౌంటు బుష్షులు మార్చాడు, తగ్గలేదు. – పాఠకుడు, వడపళని

జవాబు: కదిలే మొదటి క్షణాల్లోనే వణికి తర్వాత ఆగిందంటే తప్పు క్లచ్‌ది. బుష్షులు పోతే ఐడిల్‌లో కూడా వణుకు తెలుస్తుంది.

వెనక పుల్లీ మీద మూడు క్లచ్ షూలుంటాయి. ఇంజను వేగం పెరిగే కొద్దీ అవి బయటికి విచ్చుకుని గిన్నెలాంటి డ్రమ్మును లోపలి నుంచి పట్టుకుంటాయి. షూల పొడి డ్రమ్ములో పేరుకున్నా, షూ ముఖం మెరుగెక్కినా, అవి పట్టీ పట్టకుండా దడదడలాడతాయి. డ్రమ్ము విప్పి ఎయిర్ గన్‌తో పొడి పోగొట్టాలి. ఆ పొడి పీల్చకూడదు, మూతికి గుడ్డ కట్టుకోమనండి. షూ ముఖాన్నీ డ్రమ్ము లోపలి గోడనీ 120 నంబరు ఎమరీ కాగితంతో అడ్డంగా తేలికగా రుద్దితే మెరుపు పోతుంది. షూ మీది మందం 2 మి.మీ. కన్నా తగ్గితే మూడూ కలిపి మార్చాలి. డ్రమ్ము లోపల నీలం మచ్చలుంటే అది బాగా కాలింది. రుద్దినా మళ్లీ నెలకే వణుకు వస్తుంది, మార్చేయండి.

విప్పే పని ఇంట్లో పెట్టుకోవద్దు. క్లచ్ నడిమి నట్టు కింద బలమైన స్ప్రింగు నొక్కి ఉంటుంది. పట్టుకునే పనిముట్టు లేకుండా నట్టు తీస్తే ఎగిరి మొహానికి తగులుతుంది.

ఇక మీ ఉత్తరంలో లేని కారణం ఒకటి. వడపళని, కోయంబేడు వైపు ట్రాఫిక్కులో బ్రేకు కాస్త పట్టి యాక్సిలరేటర్ కాస్త ఇచ్చి ఇంచీ ఇంచీ కదిలే అలవాటు ఉంటుంది. షూలు సగం పట్టి సగం జారుతుండేది ఆ వేగంలోనే, అంటే డ్రమ్ము వేడెక్కి కాలిపోయేదీ అప్పుడే. మీ ముందున్న బండి రెండు మూడు గజాలు జరిగేదాకా యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి ఆగండి. జరిగాక ఒక్కసారి ఇచ్చి వదలండి.

ప్రశ్న: 28,000 కి.మీ. తిరిగిన స్కూటరు. ఇంతకుముందు 80 పోయేది, ఇప్పుడు 65 దాటడం లేదు. మైలేజీ కూడా పడింది. ఇంజను బోరు పోయిందంటున్నారు. – పాఠకుడు, అంబత్తూరు

జవాబు: బోరు పోతే సైలెన్సరు నీలం పొగ వదలాలి, ఆయిలు తగ్గుతూ ఉండాలి. రెండూ లేవంటే ఇంజను జోలికి పోనివ్వకండి.

పైసా ఖర్చు లేనివి ముందు చూడండి. బండిని మెయిన్ స్టాండ్ మీద పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పితే తేలికగా తిరగాలి. తిరగకపోతే బ్రేకు రుద్దుతోంది. బ్రేకు లివరు చివర 10 నుంచి 20 మి.మీ. ఖాళీ ఆడాలి. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు చూడాలి. యాక్టివా లాంటి బండికి ముందు 22, వెనక ఒక్కరికి 29, ఇద్దరికి 36 పీఎస్ఐ. మిగతావాటికి సీటు కిందో మాన్యువల్‌లోనో రాసుంటుంది. ఎయిర్ ఫిల్టరు ఎప్పుడు మార్చారో గుర్తు రాకపోతే మార్చే వేళ అయిందనుకోండి.

అవన్నీ బాగుంటే బెల్టు. స్కూటరు బెల్టును చాలా కంపెనీలు 20 నుంచి 24 వేల కి.మీ. దగ్గర మార్చమంటాయి, మీది అది దాటిపోయింది. బెల్టు అరిగితే తెగేదాకా ఏమీ తెలియదని చాలామంది నమ్మకం. నిజానికి ముందు వేగమే పడుతుంది. వేగం పెరిగే కొద్దీ ముందు పుల్లీ రెండు పళ్లేలూ దగ్గరై బెల్టును అంచు వైపు ఎక్కిస్తాయి. పక్కలు అరిగి వెడల్పు తగ్గిన బెల్టు, పళ్లేలు పూర్తిగా మూసుకున్నా అంచుదాకా ఎక్కలేదు. ఇంజను పరుగెత్తుతుంది, చక్రం పరుగెత్తదు. వెర్నియర్‌తో కొలిచి కొత్తదానికన్నా 1 మి.మీ. పైన తగ్గితే మార్చాలి. లోపలి పళ్ల మధ్య సన్న పగుళ్లున్నా అంతే.

బెల్టు తీసినప్పుడు ముందు పుల్లీలోని ఆరు రోలర్లనూ బయటికి తీయించండి. గుండ్రంగా ఉండాలి. ఒక పక్క చదునుగా అరిగి ఉంటే అవి దొర్లడం మాని జారుతున్నాయి, పుల్లీ పూర్తిగా మూసుకోదు. మార్చితే ఆరూ ఒకే బరువువి మార్చాలి. పికప్ కోసం తేలిక రోలర్లు వేస్తామంటారు. వేస్తే పికప్ వస్తుంది, దాంతోపాటు ఇంజను ఎప్పుడూ ఎక్కువ వేగంలో తిరిగి పెట్రోలు తాగుతుంది. పెద్ద ఎత్తుపల్లాలు లేని చెన్నైలో ఆ అవసరమే లేదు. రోలర్లకు గ్రీజు కొన్ని మోడళ్లలో కంపెనీయే వేస్తుంది, మిగతావాటిలో వేయకూడదు. లేనిచోట వేసిన గ్రీజు వేడికి కారి బెల్టు మీదకే వస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో మిషిగన్ రాష్ట్రం హౌటన్‌లో ఉంటారు. పాత టూ స్ట్రోక్ స్నోమొబైల్ కొన్నారు. ఒక్క చలికాలంలో రెండు బెల్టులు కాలిపోయాయట. డీలరు కొత్త బెల్టు అమ్మడం తప్ప ఏమీ చెప్పడం లేదంటున్నారు. మేం డిసెంబరులో వెళ్తున్నాం. మా ఆయన ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూశారు, పనిముట్లు పట్టగలరు. ఏమేం చూడాలో చెప్తారా? – పాఠకురాలు, అన్నా నగర్

జవాబు: కాలిన బెల్టులు పారేయకుండా ఉంచమని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండమ్మా. సగం జవాబు వాటి మీదే రాసి ఉంటుంది.

స్కూటర్లో వెనక పుల్లీ దగ్గర విడిగా క్లచ్ షూలుంటాయి, బండి ఆగినా బెల్టు తిరుగుతూనే ఉంటుంది. స్నోమొబైల్లో ఆ షూలు లేవు. ఇంజను వైపు పుల్లీయే క్లచ్ కూడా. ఐడిల్‌లో దాని పళ్లేలు విడిపోయి ఉంటాయి, బెల్టు మధ్యలో వదులుగా కదలకుండా ఉంటుంది. ఇంజను వేగం 3,000–4,000 ఆర్పీఎం చేరేసరికి లోపలి బరువులు పళ్లేలను దగ్గరికి తోసి బెల్టును పట్టిస్తాయి. ఆ క్షణంలో కింద ట్రాక్ (బండిని మంచు మీద నడిపే వెడల్పాటి రబ్బరు పట్టా) కదలాలి. రాత్రి తడిగా నిలిపిన బండి ట్రాక్ మంచుగడ్డతో నేలకి అతుక్కుపోయి ఉంటే బెల్టు కదలదు, పళ్లేలు మాత్రం ఒకే చోట రుద్దుతాయి. కొద్ది సెకన్లు చాలు.

కాబట్టి బెల్టు చూడండి. ఒక్క చోట మాత్రం నడుము సన్నబడినట్టు అరిగి ఉంటే కారణం ఇదే: గడ్డకట్టిన ట్రాక్, లేదా మెత్తటి మంచులో కూరుకుపోయాక ఆపకుండా యాక్సిలరేటర్ నొక్కడం. రెండు పక్కలూ పొడవునా గాజులా మెరుస్తుంటే బెల్టు జారుతూ తిరిగింది. పళ్లేల మీద ఆయిలు ఉండొచ్చు, బెల్టు నంబరు తప్పయి ఉండొచ్చు, ట్రాక్ మరీ బిగుతుగా ఉండొచ్చు. ఒక అంచే పీచు లేస్తే రెండు పుల్లీలూ ఒక వరసలో లేవు. పాత బండిలో దీనికి ఇంజను రబ్బరు మౌంట్లు కుంగడం మామూలు కారణం, ముందు వాటినే చూడమనండి. లోపలి పళ్లు ఊడి వస్తే అది విపరీతమైన వేడి.

పుల్లీ పళ్లేలను బ్రేక్ క్లీనరుతో తుడిచి, పచ్చ స్క్రబ్బరుతో రుద్ది, మళ్లీ తుడవాలి. తెగిన బెల్టు నూలుపోగులు రెండో పుల్లీ వెనక షాఫ్టుకు చుట్టుకుని ఉంటాయి. ఒక్కటి మిగిలినా సీలును కోస్తుంది. కొత్త బెల్టును గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, బెల్టు మీద బాణం గుర్తుంటే ఆ దిశలో వేయాలి. ఒకసారి వాడిన బెల్టు దిశ మార్చకూడదు. మొదటి 50 కి.మీ. యాక్సిలరేటర్ సగానికి మించకుండా, ఒకే వేగంలో కాకుండా, హెచ్చుతగ్గులుగా నడపాలి. ఈ ఒక్క ఓపిక లేకనే చాలా కొత్త బెల్టులు మొదటి రోజే మెరుగెక్కుతాయి.

ట్రాక్ బిగుతుకి ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. వెనక భాగం లేపి, ట్రాక్ కింది వరస నడిమిన మాన్యువల్ చెప్పినంత బరువు వేలాడదీసి, ట్రాక్ లోపల ఉండే పట్టాలకూ ట్రాక్‌కూ మధ్య ఎంత ఖాళీ వస్తుందో కొలవాలి. మీ మోడల్‌కి ఎంత ఉండాలో ఆ అంకె కూడా మాన్యువల్‌లోనే ఉంటుంది. వెనక ఇరుసు పక్క బోల్టులతో సరిచేయాలి. రెండు పక్కలా సమానంగా తిప్పకపోతే ట్రాక్ ఒక వైపు ఒరిగి అంచు చిరుగుతుంది. తిప్పాక లేపిన బండిలో ట్రాక్‌ని మెల్లగా తిప్పి మధ్యలో ఉందో లేదో చూడాలి. ఆ సమయంలో వెనక ఎవరూ నిలబడకూడదు. ట్రాక్‌లో ఇరుక్కున్న రాయి తూటాలా వస్తుంది.

ప్రొద్దున్నే బయల్దేరే ముందు బండి వెనక భాగాన్ని పట్టుకుని లేపి కింద పెట్టాలి, ముందు స్కీలను (మంచు మీద జారే పలకలను) పక్కలకి ఊపాలి. అతుక్కుంటే విడిపోతుంది. రాత్రి నిలిపేటప్పుడు స్కీల కిందా ట్రాక్ కిందా చెక్కలు పెడితే ఈ బాధే ఉండదు. స్టార్ట్ చేయకముందు యాక్సిలరేటర్ లివరు నొక్కి వదిలి చూడాలి. గడ్డకట్టి తిరిగి రాకపోతే బండి తనంతట తాను పరుగు తీస్తుంది. ఇంజను ఆపే తాడు ఒంటికి తగిలించుకోకుండా ఎక్కనివ్వకండి. గ్యారేజీ తలుపు మూసి ఇంజను తిప్పకూడదు.

టూ స్ట్రోక్ అన్నారు కాబట్టి ఇంకొంత. చల్లటి ఇంజనును ఒక్కసారిగా పరిగెత్తిస్తే అల్యూమినియం పిస్టన్ సిలిండరు కన్నా ముందు వేడెక్కి ఉబ్బి పట్టేస్తుంది. కూలెంటు వేడెక్కేదాకా నెమ్మదిగానే పోవాలి. ప్లగ్గు కొన ఇటుక రంగో లేత గోధుమ రంగో ఉండాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, అలాగే నడిపితే పిస్టన్ కరుగుతుంది. వేసవంతా పడుకున్న బండి కార్బొరేటర్ జెట్లు జిగురు పట్టి ఉండటం దీనికి మొదటి అనుమానం. ఆయిలు ట్యాంకు ప్రతిసారీ పెట్రోలుతోపాటు నింపాలి. ఒక్కసారి ఖాళీ అయితే పైపులో గాలి చేరుతుంది, తర్వాత నింపినా గాలి తీసేదాకా ఇంజనుకు ఆయిలు అందదు.

ప్రశ్న: మార్చిలో గుల్మార్గ్ వెళ్లినప్పుడు స్నో స్కూటరు (అక్కడ స్నోమొబైల్‌ను అలాగే అంటారు) ఎక్కాం. గట్టి మంచు దారిలో కొంత దూరం పోయాక డ్రైవరు ఆపి, దారి పక్క మెత్తటి మంచులోకి దింపి తిప్పాడు. ఇంజను వేడెక్కిందన్నాడు. అంత చలిలో ఇంజను వేడెక్కడమేమిటి? – పాఠకురాలు, టీ నగర్

జవాబు: అతను చేసింది సరైనదే. నీటితో చల్లబడే స్నోమొబైళ్లలో చాలావాటికి కారులాంటి రేడియేటరు ఉండదు. ట్రాక్ పైన కప్పుకి అల్యూమినియం గొట్టాలు అతికి ఉంటాయి, కూలెంటు వాటిలో తిరుగుతుంది. ట్రాక్ ఎగజిమ్మే మంచు వాటికి కొట్టుకుంటేనే చల్లబడేది. మార్చిలో మంచు గట్టిపడి గాజులా ఉంటే ఏమీ ఎగరదు. ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలకూ తడి అందేది ఆ మంచుతోనే. అది లేకపోతే అవి రాపిడికి కరుగుతాయి. అందుకే తారురోడ్డు మీద ఆ బండ్లను దూరం నడపరు. కొందరు పట్టాల పక్కన స్ప్రింగులాంటి గోకుడు కడ్డీలు బిగిస్తారు, అవి గట్టి మంచును గీరి పైకి చిమ్ముతాయి.

ప్రశ్న: ఐదు నెలలు పిల్లల దగ్గరికి వెళ్తున్నాం. స్కూటరు సముద్రానికి దగ్గర్లో ఇంటి వాకిట్లోనే ఉంటుంది. ఎవరినైనా వారానికోసారి స్టార్ట్ చేయమంటే చాలా? – పాఠకుడు, తిరువాన్మియూర్

జవాబు: వారానికోసారి రెండు నిమిషాలు తిప్పితే మంచికన్నా చెడే ఎక్కువ. ఇంజను పూర్తిగా వేడెక్కక ఆయిల్లోనూ సైలెన్సర్లోనూ తడి నిలుస్తుంది, సెల్ఫ్ లాక్కున్న కరెంటు తిరిగి బ్యాటరీకి చేరదు. తిప్పేవాళ్లు పది కిలోమీటర్లు నడిపి తెచ్చేట్టయితే సరే, లేకపోతే వదిలేయండి.

వెళ్లేముందు ఆయిలు మార్చండి, పాత ఆయిల్లోని ఆమ్లం లోపలి భాగాలను తింటుంది. ట్యాంకు నిండా పెట్రోలు పోస్తే గాలీ తడీ చేరే ఖాళీ తగ్గుతుంది. బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టి, వచ్చాక మీటరుతో చూడండి: 12.6 వోల్టులు ఉంటే బాగుంది, 12.2 అంటే సగం ఖాళీ, చార్జి పెట్టాలి. ఇంజను తిరుగుతుండగా 13.5 నుంచి 14.5 చూపాలి. చాలా బీఎస్6 బండ్లలో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే పెట్రోలు పంపే నడవదు, ఎంత కిక్ కొట్టినా దండగ.

మెయిన్ స్టాండ్ వేసి, టైర్లలో గాలి నింపి, ఉప్పుగాలికి తుప్పు పట్టే బోల్టులకూ స్టాండు కీళ్లకూ పలుచగా ఆయిలు రాయండి. బ్రేకు డ్రమ్ముల వైపు మాత్రం వద్దు. కవరు గాలాడేది కొనండి, ప్లాస్టిక్ పట్టాలో చుడితే చెమ్మ లోపలే ఉండిపోతుంది. పందికొక్కుల బెడద ఉంటే సైలెన్సరు రంధ్రంలో గుడ్డ కుక్కి, తీయాలని గుర్తుండేలా హ్యాండిలుకు ఒక చీటీ కట్టండి.

ప్రశ్న: బెల్టు కంపెనీ షోరూంలో ఒక రేటు, జీపీ రోడ్డులో ఒక రేటు, పుదుపేటలో ఇంకో రేటు. తేడా ఉందా? – పాఠకుడు, సౌకార్‌పేట

జవాబు: జీపీ రోడ్డులో అసలువీ దొరుకుతాయి, నకిలీవీ దొరుకుతాయి. పుదుపేటలో ఎక్కువగా పాత బండ్ల నుంచి విప్పినవి. మడ్‌గార్డు, అద్దం, సైడ్ ప్యానెలు అక్కడ కొంటే డబ్బు మిగులుతుంది. బెల్టు, బ్రేకు షూలు, బేరింగులు అక్కడ కొనొద్దు. బెల్టు ఎంత తిరిగిందో చూపు చెప్పలేదు.

కొత్తదైతే ప్యాకెట్ మీది పార్ట్ నంబరూ బెల్టు మీద అచ్చయిన నంబరూ ఒకటేనో కాదో చూడండి. బెల్టును విల్లులా వంచితే లోపలి పళ్ల మధ్య పగుళ్లు కనిపించకూడదు, అంచుల్లో పోగులు లేవకూడదు. మడత మాత్రం పెట్టకండి, మడిచిన చోట లోపలి నూలు తెగుతుంది. కొట్టువాడు చిన్న పొట్లంలో ఇమడాలని మడిచి రబ్బరు బ్యాండు వేసి ఇచ్చిన బెల్టును తీసుకోకండి. బిల్లు మీద పార్ట్ నంబరు రాయించుకోండి. రాయనంటే పక్క కొట్టుకి వెళ్లండి.